క్యాసెట్టులో వినిపించని తోట

మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఎకరంన్నర సరుగుడు తోట ఉండేది. కోనసీమలో ఓడలరేవు రోడ్డు మీద బస్సు దిగి, ఇసుకలో పావుగంట నడిస్తే మా ఇల్లు. తాటాకు ఇల్లు, ముందు మట్టి అరుగు, పక్కన నుయ్యి, వెనక తోట, తోట వెనక సముద్రం. తోట మా తాత వేసింది. తాతను నేను చూడలేదు. ఆయన గురించి మామ్మ, అంటే నాన్న తల్లి, చెప్పే సంగతులు రెండే: మనిషి పొడుగు, తోట వేశాడు. అంతకన్నా అడిగితే "ఇంకేం చెయ్యాలేంటి" అనేది.

సరుగుడు చూడ్డానికి గొప్ప చెట్టు కాదు. పువ్వు పువ్వులా ఉండదు, కాయ తినడానికి పనికిరాదు. ఆకు దారప్పోగులా ఉంటుంది కాబట్టి నీడ కూడా పల్చగానే పడుతుంది. అయితే ఆ పోగుల మధ్య నుంచి సముద్రపు గాలి వెళ్ళేటప్పుడు ఒక హోరు పుడుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి అదొక చప్పుడని మాకు తెలియదు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం "వాన పడుతున్నట్టుందండీ" అని లేచి, బయటికి వెళ్ళి చూసి, ఏమీ అనకుండా తిరిగి వచ్చి కూర్చునేవారు.

రాలిన ఆకంతా మా పొయ్యిలోకే. తెల్లారేసరికి మామ్మ చీపురు పట్టుకుని తోటలోకి వెళ్ళేది. ఒక గంపెడు ఆకు తెస్తే ఆ పూట వంట, ఇంకో గంపెడు తెస్తే స్నానాలకు వేణ్ణీళ్ళు. పాకకు గుంజ కావాలన్నా, బట్టలారేసే కర్ర కావాలన్నా తోటలోకి వెళ్ళి తెచ్చుకోవడమే. ఊళ్ళో ఇంకెవరికైనా కావాలంటే వాళ్ళు కూడా వచ్చి తీసుకెళ్ళేవారు. అడిగేవారు కాదు, తీసుకెళ్ళాక చెప్పేవారు.

నాన్నది కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో నిలబెట్టిన ఇనప మొన మీద కాయ కొట్టి, రెండు తిప్పుల్లో డొక్క ఊడదీసేవాడు. రోజంతా ఆ పని చేసి వచ్చిన మనిషికి సాయంత్రం మాట్లాడే ఓపిక ఉండదు. ఉదయం కూడా ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు.

1993లో అమ్మ మస్కట్ వెళ్ళింది. నాకు అప్పుడు పదేళ్ళు. మా వైపు ఆడవాళ్ళు గల్ఫ్ దేశాల్లో ఇంటి పనికి వెళ్ళడం అప్పటికే మొదలైంది కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. తాటాకు తీసేసి ఒక గది డాబా వేసుకోవాలని అమ్మ కోరిక. బయల్దేరే రోజు ఆమె ఏడవలేదు. నాకు జడ వేసింది. మామ్మ కాళ్ళకు దండం పెట్టింది. నాన్నతో, "తోట జాగ్రత్తండి" అంది.

నాన్న "ఆయ్" అన్నాడు.

అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది గానీ ఉత్తరం రాయాలంటే ఆమెకు చెమటలు పట్టేవి. అందుకని మూడు నెలలకు, సెలవు మీద వస్తున్న ఒకావిడ చేత ఒక టేప్ రికార్డరు, అయిదు ఖాళీ క్యాసెట్లు, తను మాట్లాడిన క్యాసెట్టు ఒకటి పంపించింది. అప్పట్లో మా వైపు గల్ఫ్ కబుర్లన్నీ క్యాసెట్లలోనే నడిచేవి. వాళ్ళు మాట్లాడి పంపిస్తారు, మేము విని, జవాబు మాట్లాడి, తిరిగి వెళ్ళేవాళ్ళ సంచిలో ఆవకాయ సీసా పక్కన పెట్టి పంపిస్తాం. నువ్వెలా ఉన్నావని అడిగితే బాగున్నానని వినడానికి రెండు మూడు నెలలు పట్టేది. ఈలోగా బాగోకపోవచ్చు. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ మొదటి క్యాసెట్టులో అమ్మ తను పని చేసే ఇంటి గురించి చెప్పింది. గదులన్నీ చల్లగా ఉంటాయట. వాళ్ళు మంచివాళ్ళేనట, కానీ చాలామంది ఉన్నారట. ఇంటి చుట్టూ ఉన్న చెట్లకు నీళ్ళు చూసే పని కూడా ఆమెదేనట.

"ఇక్కడ చెట్టుకి గొట్టం పెట్టి నీళ్ళు వదుల్తారు. చెట్టు మొదలు దగ్గర చుక్కచుక్కగా పడతాయి. మనిషికి సెలైను ఎక్కించినట్టే. వేపచెట్టుక్కూడా అలాగే పెడతారు. మనూళ్ళో వేపచెట్టుకి ఎవడైనా నీళ్ళు పోస్తాడా? పోస్తే నవ్వరూ? ఇక్కడ ఒక్క రోజు గొట్టం ఆగితే చెట్టు వాడిపోద్ది. చుట్టూ ఇసుకే. తలుపు సందులోంచి కూడా వచ్చేస్తది."

మామ్మ అదంతా విని, "పాపం, చెట్లు లేని దేశం" అంది.

మా జవాబు అరుగు మీద కూర్చుని మాట్లాడాం. నేను పాఠాలు చెప్పాను, మామ్మ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, నాన్న "అంతా బాగానే ఉంది" అని మీట నొక్కేశాడు.

మరుసటి వేసవికి మా చుట్టూ రొయ్యల చెరువులు మొదలయ్యాయి. పై ఊళ్ళ నుంచి మోటారు సైకిళ్ళ మీద మనుషులు వచ్చి, సముద్రం పక్క ఇసుక నేలలూ పాయ పక్క మడచెట్లున్న నేలలూ కౌలుకు అడిగేవారు. అప్పటిదాకా ఆ నేలలను ఎవరూ ఏమీ అడగలేదు. చెట్టూ చేమా అడ్డం ఉన్నచోట నరికేశారు. తవ్వడానికి బుల్డోజర్లు వచ్చాయి. పిల్లలం బడి మానేసి చూశాం.

మా ఇంటికి వచ్చినాయన మెత్తటి మనిషి. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి నాన్నతో చెప్పాడు. "అటూ ఇటూ అందరూ ఇచ్చేసేరండి. మధ్యలో మీదొక్కటే మిగిలిందండి. మేం రెండు పక్కలా ఉప్పునీళ్ళు పెడితే మీ చెట్లు ఎలాగూ చచ్చిపోతాయండి. చచ్చేక నరికే కన్నా ముందే నరికితే కర్రకైనా విలువుంటాదండి. ఆలోచించుకోండి. బలవంతం ఏం లేదండి."

ఆయన వెళ్ళాక మామ్మ, "మర్యాదగా అడిగేడ్రా. నువ్వూ అంత మర్యాదగానూ వద్దని చెప్పు" అంది.

"నేను వద్దంటే ఉప్పునీళ్ళు ఆగిపోతాయేంటమ్మా?"

"మీ నాన్న ఉంటే..."

"నాన్న ఉంటే ఆయన్నే అడిగేవోణ్ణి."

అయిదేళ్ళ కౌలు రాసుకున్నారు. చెట్లు నరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. కూలీలకు తోడుగా నాన్న కూడా గొడ్డలి పట్టుకున్నాడు. తన తోట కాబట్టి, పరాయివాళ్ళు నరుకుతుంటే ఊరికే కూర్చోవడం ఆయనకు బాగోలేదు. మామ్మ ఆ ఎనిమిది రోజులూ ఇంటి ముందు వైపే కూర్చుంది. పెరటి గుమ్మం వైపు రాలేదు.

తొమ్మిదో రోజు ఉదయం పెరటి తలుపు తీస్తే సముద్రం కనబడింది. నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉందనిపించింది. ఇంట్లో కూర్చుని, అన్నం తింటూ సముద్రాన్ని చూడొచ్చు. ఆ సంగతి బళ్ళో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తర్వాత రోజు నుంచి అన్నంలో ఇసుక వచ్చింది.

మొదట్లో బియ్యంలో ఉందనుకుని మామ్మ బియ్యాన్ని మళ్ళీ మళ్ళీ కడిగేది. బియ్యంలో లేదు, గాలిలో ఉంది. ఇంతకాలం తోట పట్టుకుని ఆపిన ఇసుక ఇప్పుడు తిన్నగా ఇంట్లోకి నడిచి వస్తోంది. మంచం మీద ఇసుక, పుస్తకాల మధ్య ఇసుక, దేవుడి పటం చట్రంలో ఇసుక. మామ్మ పొద్దున్నే చీపురు పట్టుకునే అలవాటు మానలేదు. ఇదివరకు తోట ఊడ్చి ఆకు ఇంట్లోకి తెచ్చేది, ఇప్పుడు ఇల్లు ఊడ్చి ఇసుక బయటికి పోస్తోంది. పోసిన ఇసుక మధ్యాహ్నానికి మళ్ళీ లోపలికి వచ్చేసేది. అన్నం నమలకుండా మింగడం నేర్చుకున్నాం. చుట్టాలు రావడం తగ్గించారు.

హోరు ఆగిపోయిన వారం రోజులు మాకెవరికీ నిద్ర పట్టలేదు. చెవుల్లో ఏదో తక్కువైనట్టు ఉండేది. తర్వాత చెరువులోకి నీళ్ళు తోడే ఆయిలింజను పెట్టారు. దాని మోతకు మళ్ళీ నిద్ర పట్టలేదు.

ఏడాది తిరక్కుండానే నూతి నీళ్ళు మారాయి. మొదట పప్పు ఉడకలేదు. పప్పు మంచిది కాదనుకుని కొట్టువాణ్ణి తిట్టాం. తర్వాత సబ్బు నురగ రాలేదు, సబ్బును తిట్టాం. ఆ తర్వాత మామ్మ ఒకరోజు చేదతో నీళ్ళు తోడి, దోసిట్లో తాగి, ఉమ్మేసి, "ఇంక ఎవర్నీ తిట్టక్కర్లేదు" అంది. అప్పటి నుంచి నేనూ నాన్నా రోడ్డు దాటి, కాలవ అవతల ఉన్న నూతికి బిందెలతో వెళ్ళేవాళ్ళం. పొయ్యిలోకి ఆకు లేదు కాబట్టి కొబ్బరి డొక్కలూ మట్టలూ నాన్న పనిచేసే చోటు నుంచి సైకిలు మీద కట్టుకొచ్చేవాడు. ఇంటి ముందున్న నాలుగు కొబ్బరి చెట్లకు సముద్రం వైపు ఆకులు ఉప్పుగాలికి మాడిపోయాయి. ఊరి వైపు ఆకులు పచ్చగానే ఉన్నాయి. సగం తల నెరిసిన మనుషుల్లా నిలబడేవి.

ఇదంతా అమ్మకు చెప్పొద్దన్నాడు నాన్న.

"అంత దూరంలో ఉంది. తెలిస్తే ఏం చేస్తది, బాధపడ్డం తప్ప? వచ్చేక చూసుకుంటది."

అందుకని ఆ సారి క్యాసెట్టు తలుపులు మూసి ఇంట్లో కూర్చుని మాట్లాడాం. ఇంజను మోత వినబడకూడదు కదా. నేను మార్కులు చెప్పాను. మామ్మ మోకాళ్ళ గురించి చెప్పింది. నాన్న, "అంతా బాగానే ఉంది. తోట కూడా బాగుంది" అన్నాడు. ఆయన ఎప్పుడూ చెప్పేదానికన్నా అది ఒక మాట ఎక్కువ.

రెండు నెలలకు జవాబు వచ్చింది. అమ్మ అందరి క్షేమమూ అడిగాక ఇలా అంది.

"అంతా విన్నాను గానీ, ఈ సారి క్యాసెట్లో తోట చప్పుడు లేదేంటండీ? లోపల తలుపులేసుకుని మాట్లాడేరా? ముందు పంపిన దాంట్లో ఎంత బాగా వినబడిందో. పని అయ్యేక పడుకునే ముందు అదే పెట్టుకుంటన్నాను. మీ మాటల కోసం కాదులెండి, మీ మాటలు నాకు నోటికొచ్చేసినియ్. ఆ హోరు వింటే నిద్ర పడతాది. ఈసారి అరుగు మీద కూర్చుని మాట్లాడండి. మాటలైపోయినా మీట నొక్కెయ్యకండి. అలా వదిలెయ్యండి."

నాన్న క్యాసెట్టు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్ళీ విన్నాడు. మామ్మ ఆయన వైపు చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం మేము ముగ్గురం టేప్ రికార్డరు, కొత్త బ్యాటరీలు, ఒక చాప పట్టుకుని పక్క పేటకు వెళ్ళాం. ఆ పేట వాళ్ళు వాళ్ళ సరుగుడు తోటను చెరువులకు ఇవ్వలేదు. అది ముందుచూపేమీ కాదు. అన్నదమ్ముల మధ్య పంపకాల తగువు తేలక, ఎవరు సంతకం పెట్టాలో తెలియక ఆగిపోయింది. మొత్తానికి తోట మిగిలింది. అందులో ఊరి వైపు అంచున చాప వేసుకుని కూర్చున్నాం. దారినపోయే ఒకాయన ఆగి, "ఏం చేస్తన్నారండీ?" అని అడిగాడు.

"మాట్లాడుకుంటన్నామండి" అన్నాడు నాన్న.

"ఇంటికాడ కుదర్లేదాండి?"

"లేదండి."

ఆయన ఆ జవాబుకు తృప్తిపడి వెళ్ళిపోయాడు. నాన్న మీట నొక్కి, "ఇదిగో, అరుగు మీద కూర్చున్నామే" అన్నాడు. అంతకు మించి అబద్ధం ఆయనకు రాలేదు. నేను క్లాసులో మూడో ర్యాంకు వచ్చిందని చెప్పాను. అది నిజమే. మామ్మ, "నేను బతికే ఉన్నాను. నన్నింకేమీ అడక్కు" అంది. తర్వాత ముగ్గురం నోరు మూసుకుని, క్యాసెట్టు ఒక పక్క అయిపోయేదాకా సరుగుడు హోరు రికార్డు చేశాం. దోమలు కుడుతున్నా కదల్లేదు.

జవాబు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. క్యాసెట్టు పెట్టాం. అమ్మ గొంతు, ఎప్పటిలాగే, తొందర లేకుండా:

"అది మన తోట కాదండి. మన తోటైతే హోరు వెనకాల సముద్రం వినబడాలి. ఇందులో సముద్రం లేదు. పైగా ఎవరో గేదెని అదిలిస్తన్నారు. మన దగ్గర గేదెలెవరికున్నాయి?" కాసేపు ఆగి, "ఎప్పుడు నరికేరు?" అంది.

అంతే. తర్వాత ఏమీ లేదు. ఇంకా ఏమైనా అంటుందేమోనని ఆ పక్కంతా విన్నాం. క్యాసెట్టు ఆగిపోయాక తిప్పి రెండో పక్క కూడా విన్నాం.

"నువ్వు చెప్పు" అని నాన్న టేప్ రికార్డరు నా ముందు పెట్టి, బిందె పట్టుకుని నీళ్ళకు వెళ్ళిపోయాడు. ఇంట్లో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. నేను మొదటి నుంచి చెప్పాను. ఎనిమిది రోజులు, బుల్డోజరు, ఇసుక, నుయ్యి. పాఠం అప్పజెప్పినట్టే చెప్పాను. ఇంజను మోత వినబడాలని తలుపు తీసి పెట్టాను.

దానికి అమ్మ పంపిన జవాబు చాలా చిన్నది. "సరే. మామ్మ కళ్ళల్లో ఇసుక పడకుండా పెరటి గుమ్మానికి తడిక కట్టు. మంచినీళ్ళ బిందె మీద గుడ్డ వెయ్యి. నాన్నని ఏమీ అనకు."

నేను నాన్నను ఏమీ అనలేదు. ఎవరూ అనలేదు. ఆయన మాత్రం ఎవరో ఏదో అంటారని ఎదురుచూస్తున్న మనిషిలా తిరిగేవాడు.

1996 నవంబరులో తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ సంవత్సరం చెబితే చాలు, ఏ తుఫాను అని ఎవరూ అడగరు. మధ్యాహ్నం నుంచే గాలి తేడాగా ఉందని నాన్న మమ్మల్ని బడి భవనానికి తీసుకెళ్ళాడు. మామ్మను వీపు మీద మోశాడు. మర్నాడు వచ్చి చూస్తే ఇంటికి గోడలు ఉన్నాయి, పైకప్పు లేదు. తాటాకు ఒక్కటి కూడా లేదు. మా నాలుగు కొబ్బరి చెట్లూ ఒకే వైపు పడి ఉన్నాయి. మా వరసలో ఏ ఇంటికీ కప్పు లేదు. ఒక ఇంట్లో మనుషులు లేరు. వాళ్ళు బడికి రాలేదు.

పక్క పేటకు వెళ్ళి చూశాం. సముద్రం వైపున్న సరుగుడు చెట్లు చాలా మటుకు విరిగిపోయాయి. వాటి వెనక ఇళ్ళకు తాటాకు అక్కడక్కడా లేచింది గానీ ఇళ్ళు నిలబడ్డాయి. ఒకావిడ అరుగు అలుకుతోంది. నాన్న ఆ ఇళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ, "కాఫీ తాగుతారాండీ?" అని అడిగింది. వద్దన్నాడు.

నాన్న పడిపోయిన కొబ్బరిచెట్ల కాయలు కొన్నాళ్ళు ఒలిచాడు. ఆ తర్వాత ఒలవడానికి కాయ లేదు. రొయ్యలకు అంతకు ముందే ఏదో తెల్లమచ్చల రోగం వచ్చి పంట మీద పంట పోతోంది. చెరువులాయన తుఫాను తర్వాత ఒకసారి వచ్చి, ఎప్పటిలాగే మర్యాదగా, "ఇంక మా వల్ల కాదండి" అని చెప్పి ఇంజను లారీలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. చెరువు మాకు వదిలేశాడు. చెరువును ఎలాగూ లారీలో ఎక్కించలేరు.

తర్వాతి ఏడాది మే నెలలో అమ్మ వచ్చింది. రోడ్డు దాకా ఆటోలో వచ్చి, పెట్టె నాన్న నెత్తిన పెట్టుకుంటే వెనకాల నడిచి వచ్చింది. తోట లేని ఇంటిని ఆమె చూడ్డం అదే మొదటిసారి. కొత్తగా కప్పిన తాటాకు, తడిక కట్టిన పెరటి గుమ్మం, దాని అవతల తెల్లగా ఉప్పు పేరిన చెరువు గొయ్యి, దాని అవతల సముద్రం. గుమ్మంలో నిలబడి, "సముద్రం ఇంత దగ్గరా?" అంది. తర్వాత కాళ్ళు కడుక్కుంది. ఉప్పునీళ్ళని చెప్పే లోపే కడిగేసుకుంది.

నాన్న వారం రోజులు తిట్ల కోసం చూశాడు. ఆమె తిట్టలేదు. ఎనిమిదో రోజు అన్నాల దగ్గర నాన్నే ఉండబట్టలేక, "ఏదో ఒకటి అనొచ్చు కదే" అన్నాడు.

"అంటే చెట్లొస్తాయాండీ?"

"రావు."

"మరైతే పార ఎక్కడుందో చెప్పండి."

తెచ్చిన డబ్బుతో ఒక గది డాబా వేశారు. గచ్చు నేల మీద ఇసుక ఇంకా బాగా కనబడేది. ఆ పని అవుతుండగానే అమ్మ సరుగుడు నారు తెప్పించింది. నాన్న చెరువు అడుగున మట్టి చేత్తో నలిపి చూపించాడు.

"ఇది చౌడు పట్టేసిందే. దీంట్లో ఏదీ బతకదు."

"ఎడారిలో బతకడం నేను చూసేనండి. నేనే నీళ్ళు పెట్టేను."

"అక్కడ గొట్టాలున్నాయి."

"ఇక్కడ కుండలున్నాయి."

కుమ్మరుల దగ్గర పగులిచ్చిన కుండలు తీసుకొచ్చి, అడుగున చిల్లు చేసి, పాత చీర గుడ్డ వత్తిలా దూర్చి, ఒక్కో మొక్క పక్కన ఒక్కో కుండ పాతింది. వానాకాలం ముందే గట్లు తెగ్గొట్టమంటే నాన్న తెగ్గొట్టాడు. వాన నీళ్ళు ఉప్పును కొంత కడుక్కుపోతాయని ఆమె లెక్క. చూడ్డానికి జనం వచ్చేవారు. "మస్కటావిడ చెట్లకి సెలైన్లు ఎక్కిస్తందంట" అని పేరు పడింది. ఎవరైనా ఎదురుగానే నవ్వితే అమ్మ కూడా నవ్వేది. "పేషెంట్లండి, గట్టిగా మాట్లాడకండి" అనేది.

మొదటి ఏడు నారు దాదాపు అంతా పోయింది. సగం ఉప్పుకు, సగం మేకలకు. రెండో ఏడు మేకలకు అడ్డంగా తాటిమట్టల దడి కట్టారు. ఇసుక మొక్కల్ని కప్పేస్తుంటే ఒక్కోదాని చుట్టూ తాటాకు మడిచి గుచ్చారు. ఆ ఏడు కొన్ని నిలబడ్డాయి. చెరువు గొయ్యి పూడ్చడానికి మనుషుల్ని పెట్టే స్తోమత మాకు లేదు, ఆ పని గాలి చేసిపెట్టింది. రోజూ ఇంట్లోకి వచ్చే ఇసుక ఇంతకు ముందే గోతిలో పడి ఉంటే బాగుండేదని మామ్మ అంది.

నీళ్ళు నాన్న మోసేవాడు. పొద్దున కూలిపనికి వెళ్ళే ముందు, సాయంత్రం వచ్చాక, కావిడితో. మా నూతి నీళ్ళే మోసేవాడు. మాకు పనికిరాని ఆ నీళ్ళు సరుగుడుకు పనికివచ్చాయి. సరుగుడు కొంత ఉప్పు తట్టుకుంటుందట. ఆ సంగతి, మజ్జిగ తాగి వెళ్ళిన ఆ చెరువులాయన చెప్పలేదు. ఆయనకు కూడా తెలియకపోయి ఉండొచ్చు. మామ్మ ఒక రోజు కుండల్లోకి చెంబుతో నీళ్ళు పోస్తున్న నాన్నను చూసి, "ఎనిమిది రోజుల్లో అయిపోయిన పనికి ఎన్నాళ్ళు పడతాదిరా?" అంది. నాన్న లెక్కపెడుతున్నట్టు ఆగి, మళ్ళీ పోయడం మొదలుపెట్టాడు.

నాలుగో ఏటికి చెట్లు నాన్న ఎత్తు దాటాయి. ఆ తర్వాతి ఏడు ఒక ఉదయం అమ్మ గిన్నెలు తోముతూ చేతులు ఆపేసింది. "విన్నావా?" అంది. విన్నాను. హోరు ఇదివరకంత లేదు. సన్నగా, ఇంకా నేర్చుకుంటున్నట్టు ఉంది. మామ్మకు చెప్పడానికి లోపలికి పరిగెత్తాం. అప్పటికి ఆమెకు చెవులు బాగా తగ్గాయి. దగ్గరగా వంగి, "తోట చప్పుడు మళ్ళీ వచ్చింది మామ్మా" అని గట్టిగా అరిచాను.

"ఎప్పుడాగిందేంటి?" అంది మామ్మ.

ఆ తర్వాతి వేసవి వరకూ ఉంది ఆమె.

అన్నీ తిరిగి రాలేదు. నుయ్యి ఇప్పటికీ ఉప్పే. పంచాయతీ కుళాయి వేశారు, అది వచ్చినప్పుడు వస్తుంది. పాత తోటలో తేనెపట్లు ఉండేవి, సందెవేళ నక్కలు కూసేవి. కొత్త తోటలో తేనెపట్టు ఒకటి పట్టింది. నక్క రాలేదు. పాయ పక్క మడచెట్లు పోయిన చోట ఇప్పుడు తుమ్మ మొలిచింది. మా అమ్మ వేసింది ఎకరంన్నర మాత్రమే. మిగతా గోతులు చాలాకాలం అలాగే ఉన్నాయి. తర్వాత ఇద్దరు ముగ్గురు నారు ఎక్కడ దొరుకుతుందని అడిగి వెళ్ళారు.

ఇంకొన్నేళ్ళకు జీపులో ఆఫీసు వాళ్ళు వచ్చారు. తోట చూశారు, ఫోటోలు తీశారు, అమ్మ ఇచ్చిన కొబ్బరి బొండాలు తాగారు. అమలాపురంలో సభ ఉందని, చెట్లు పెంచిన రైతుకు సన్మానం చేస్తామని చెప్పారు. కాగితం తీసి వివరాలు రాసుకున్నారు.

"పట్టా ఎవరి పేరున ఉందండీ?" అని అడిగాడు ఒకాయన.

"మా ఆయన పేరునండి" అంది అమ్మ.

"అయితే రైతు ఆయనేనండి."

"ఆయ్" అంది అమ్మ.

నాన్న రానన్నాడు. అమ్మ బతిమాలి, చొక్కా ఇస్త్రీ చేయించి తీసుకెళ్ళింది. నేనప్పటికి ఉద్యోగంలో ఉన్నాను, సెలవు పెట్టి వెళ్ళాను. హాలు నిండా జనం. వేదిక మీద పెద్దలు చాలాసేపు మాట్లాడారు. చెట్టు మనకు ప్రాణవాయువు ఇస్తుందని ముగ్గురు చెప్పారు. తర్వాత రైతుల్ని ఒక్కొక్కర్నీ పిలిచి శాలువా కప్పారు. నాన్నకూ కప్పారు. పచ్చ అంచు శాలువా, చేతిలో పటం కట్టిన కాగితం. రెండు ముక్కలు మాట్లాడమని మైకు అందించారు.

నాన్న మైకు వైపు చూశాడు. ఈయన ఏమీ మాట్లాడడు, దణ్ణం పెట్టి దిగిపోతాడనుకున్నాను.

"ఈ తోట నేను నరికేనండి" అన్నాడు.

పక్కనున్నాయన వంగి, "నాటేను అనండి" అన్నాడు. మైకులో అదీ వినబడింది.

"లేదండి. నరికేనండి. మా నాన్న వేసిన తోట నేనే నరికేనండి. మళ్ళీ వేసింది మా ఆవిడండి. అదిగో, ఆరో వరసలో కూర్చుందండి. నేను నీళ్ళు మోసేనండి." ఆగి, "అంతేనండి" అన్నాడు.

జనం తలలు తిప్పి చూశారు. అమ్మ అప్పుడు సభవాళ్ళు పంచిన పులిహోర పొట్లం విప్పుతోంది. ఆమె పొట్లం మూసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. చప్పట్లు కొట్టారు. వేదిక మీద పెద్దాయన నవ్వుతూ, మా రైతు సోదరుల వినయం ఇలాంటిదని చెప్పి తర్వాతి రైతును పిలిచారు.

సాయంత్రం ఓడలరేవు బస్సులో ముగ్గురికీ ఒకే సీట్లో చోటు దొరికింది. అల్లవరం దాటింది. అప్పుడు అమ్మ కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"అంతమందిలో ఆ మాట ఎందుకండీ?"

నాన్న శాలువా మడత సరిచేసుకున్నాడు.

"నీకెప్పుడో చెప్దామనుకున్నాను. ఇంట్లో ఎలా మొదలెట్టాలో తెలీలేదు. అక్కడైతే వాళ్ళే మైకిచ్చేరు."

అమ్మ కిటికీ అద్దం జరిపింది. తర్వాత, "పులిహోరలో చింతపండు చాల్లేదు కదండీ" అంది.

"చాల్లేదు" అన్నాడు నాన్న.